చిన్న చేతికి పెద్ద పిస్టల్ అమరేదెలా?

పిస్టల్ చేతికి అమరిందో లేదో మూడు చోట్ల తెలుస్తుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండే సందు, పిడి వెనుక పైభాగాన పొడుచుకొచ్చిన అంచు కిందికి వెళ్లి గట్టిగా ఆనాలి. బ్యారెల్, మణికట్టు, ముంజేయి ఒకే గీత మీద ఉండాలి. ఆ పట్టు చెదరకుండా చూపుడువేలి కొస కణుపులోని మెత్తటి భాగం ట్రిగ్గర్ మధ్యకు చేరాలి. చిన్న చేతుల వాళ్లకు మొదటి రెండూ కుదిరినా మూడోది కుదరదు. వేలు అందదు. అందించుకోవడానికి చెయ్యి తనకు తెలియకుండానే పిడి చుట్టూ పక్కకు తిరుగుతుంది. అప్పటిదాకా ముంజేయికి సూటిగా ఉన్న బ్యారెల్ కాస్త వాలుగా మారుతుంది. పేలినప్పుడు వెనక్కి వచ్చే తన్ను అరచేతి కండ మీద పడాల్సింది పోయి బొటనవేలి మొదటి కీలు మీద పడుతుంది. వేలి చివరతో మాత్రమే ట్రిగ్గర్ నొక్కేటప్పుడు అది నేరుగా వెనక్కి రాదు, పక్కకు నెట్టుకుంటుంది. కుడిచేతి వాటం వాళ్ల గుళ్లు లక్ష్యానికి ఎడమగా పడడానికి ఇది పాత కారణం. శిక్షణలో దీన్ని చాలాసార్లు భయం కింద, బలహీనత కింద లెక్కగడతారు. అది అన్యాయం. తప్పు చేతిది కాదు, కొలతది.

ఈ కొలత సమస్య ఇప్పుడు ఎక్కువమందికి ఎదురవుతోంది. సూళ్లూరుపేట నుంచి పులికాట్ సరస్సు మీదుగా శ్రీహరికోటకు వెళితే అక్కడి సతీశ్ ధవన్ అంతరిక్ష కేంద్రానికి కాపలా ఉండేది కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం, అంటే సీఐఎస్ఎఫ్. పూర్తిగా మహిళలతోనే ఉండే తొలి సీఐఎస్ఎఫ్ బెటాలియన్‌కు కేంద్ర హోం శాఖ 2024 నవంబరులో అనుమతి ఇచ్చింది. పోలీసు శాఖల్లోనూ మహిళల సంఖ్య పెరుగుతోంది. వాళ్ల చేతికి వచ్చే 9 ఎం.ఎం. పిస్టళ్లు మాత్రం ఎక్కువ భాగం సగటు మగ సైనికుడి అరచేతిని లెక్కలో పెట్టుకుని పుట్టినవే. ఈ ఇబ్బంది ఆడవాళ్లకే పరిమితం కాదు. పొట్టి వేళ్లున్న మగవాళ్లకూ, పిస్టల్ క్రీడలోకి వచ్చే పదమూడు పద్నాలుగేళ్ల పిల్లలకూ ఉన్నదే.

పిడి ఇంత లావు కావడానికి కారణం దాని లోపల ఉండే మ్యాగజైన్. తూటాలు ఒకే వరుసలో ఉంటే పిడి సన్నగా ఉంటుంది. అమెరికా సైన్యం 1911లో తీసుకున్న .45 పిస్టల్ ఆ రకానిదే. అంత సన్నని పిడితో కూడా వేలు అందనివాళ్లు ఉన్నారని మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత తేలింది. 1920లలో దాన్ని సవరించి ఎం1911ఏ1 అని పేరు పెట్టినప్పుడు ట్రిగ్గర్‌ను పొట్టిగా చేశారు, ట్రిగ్గర్ వెనుక ఇనుప చట్రాన్ని రెండు పక్కలా కాస్త చెక్కేశారు. వేలు పోయే దారి ఆ మేరకు దగ్గరైంది. పిస్టల్‌ను చేతికి అమర్చాలన్న ఆలోచన వంద ఏళ్ల నాటిదన్నమాట.

1935లో వచ్చిన బ్రౌనింగ్ హైపవర్ తూటాలను రెండు వరుసలుగా సర్దుకుంది. జాన్ బ్రౌనింగ్ 1926లోనే చనిపోగా, దాన్ని పూర్తి చేసినవాడు బెల్జియంలోని ఎఫ్ఎన్ కంపెనీ ఇంజినీరు డ్యూడొనే సేవ్. మ్యాగజైన్‌లో 13 తూటాలు పట్టాయి, పిడి లావెక్కింది. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ తయారు చేసిన ‘పిస్టల్ ఆటో 9 ఎం.ఎం. 1ఏ’ ఆ హైపవర్ సంతతే. లావు పిడి ఉన్నా చిన్న చేతులకు ఇది మరీ కష్టం కాదు. ఇది సింగిల్ యాక్షన్ పిస్టల్. తూటాను పేల్చడానికి కొట్టే సుత్తి, అంటే హ్యామర్, ముందే ఎక్కి ఉంటుంది కాబట్టి ట్రిగ్గర్ వెనక్కి దగ్గరగా ఉంటుంది, వేలు ఎక్కువ సాగనక్కర్లేదు. డబుల్ యాక్షన్ పిస్టల్‌లో మొదటి గుండుకు హ్యామర్‌ను ఎత్తే పని కూడా ట్రిగ్గర్‌దే. అందుకని అది చాలా ముందుకు ఉంటుంది, బరువుగా కూడా నొక్కాలి. 1985లో అమెరికా సైన్యం తీసుకున్న బెరెట్టా ఎం9 మీద చిన్న చేతుల సైనికులు చేసిన ఫిర్యాదు ఇదే. 2017లో దాని బదులు ఎంచుకున్న ఎం17కి చిన్న, మధ్య, పెద్ద అని మూడు కొలతల పిడులు ఉన్నాయి. కాబట్టి చూడాల్సింది పిడి చుట్టుకొలత ఒక్కటే కాదు. పిడి వెనుక నుంచి ట్రిగ్గర్ ముఖం దాకా ఉన్న దూరం అంతకన్నా ముఖ్యం.

పిడి వెనుక పట్టీని మార్చుకునే ఏర్పాటు 1990లలో వాల్తర్ పీ99తో బాగా వాడుకలోకి వచ్చింది. మన బలగాల్లో కనిపించే గ్లాక్ పిస్టళ్లకు 2010లో వచ్చిన నాలుగో తరంతో ఆ సౌకర్యం అందింది. పిస్టల్‌తోపాటు రెండు కొలతల పట్టీలు ఇస్తారు. ఒకటి పిడిని సుమారు 2 మిల్లీమీటర్లు, రెండోది 4 మిల్లీమీటర్లు పెంచుతుంది. ఏ పట్టీ లేకుండా ఉన్నదే అన్నిటికన్నా చిన్న కొలత. పట్టీ తీయడం చిన్న పనే. పిడి పైభాగాన అడ్డంగా ఉన్న పిన్నును పనిముట్టుతో పక్కకు తోసి, పట్టీని ఊడదీసి, పొట్టి పిన్నును మళ్లీ పెడతారు. ఆ రెండు మిల్లీమీటర్ల తేడాతోనే వేలి కొస ఆనే చోటు మెత్తటి భాగానికి మారిపోవచ్చు. ముందు తరాల గ్లాక్‌లకు ఈ వీలు లేదు.

ప్రభుత్వ ఆయుధాన్ని తీసుకున్నవాళ్లు సొంతంగా చెక్కకూడదు, రుద్దకూడదు, భాగాలు మార్చకూడదు. పట్టీ మార్చాలన్నా ఆయుధాల మరమ్మతు చూసే ఆర్మరర్‌ను అడగాలి. అడగడం మొహమాటపడాల్సిన విషయం కాదు, బూట్ల సైజు చెప్పినంత మామూలు సంగతి. ఏ మార్పుకైనా ముందు మ్యాగజైన్ తీసి, పైన జరిగే స్లైడ్‌ను వెనక్కి లాగి, తూటా కూర్చునే ఛాంబర్ ఖాళీగా ఉందని కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోవాలి.

పిడికి రెండు పక్కలా స్క్రూలతో బిగించే పలకలు ఉన్న పిస్టళ్లలో సన్నని పలకలు వేస్తే చుట్టుకొలత తగ్గుతుంది. రబ్బరు తొడుగు ఇందుకు పూర్తిగా విరుద్ధం. పట్టు బాగుంటుందని చిన్న చేతుల వాళ్లు ముందు కొనేది అదే, వాళ్లకు అది లావును ఇంకా పెంచుతుంది. జారకుండా ఉండడమే కావాలంటే గరుకు టేపు పలచగా అతికిస్తే చాలు. శ్రీహరికోట లాంటి తీరప్రాంతంలో ఈ జారుడు చిన్న సమస్య కాదు. ఏడాదిలో ఎక్కువ నెలలు అరచేయి చెమట పడుతూనే ఉంటుంది, ఉప్పుగాలి ఇనుమును వదలదు. చిన్న చెయ్యి పిడిని పూర్తిగా చుట్టలేదు కనుక ఆనే కాస్త చోటూ జారకుండా ఉండాలి. పని అయ్యాక పొడిగుడ్డతో తుడిచి పలచగా నూనె రాయడం ఇక్కడ తప్పనిసరి.

స్లైడ్ లాగడం మరో కష్టం. చాలామంది పిస్టల్‌ను చేయి చాపి పట్టుకుని రెండో చేతి వేళ్లతో స్లైడ్‌ను లాగడానికి తంటాలు పడతారు. పిస్టల్‌ను ఛాతీకి దగ్గరగా తెచ్చి, మూతి సురక్షితమైన దిక్కుకే ఉంచి, రెండో అరచేతిని స్లైడ్ మీద బోర్లించి పట్టుకుని, పిడి ఉన్న చేతిని బలంగా ముందుకు తోయాలి. అప్పుడు వేళ్ల బలం కాదు, భుజం బలం పనిచేస్తుంది. 1ఏ లాంటి హ్యామర్ పిస్టల్ అయితే ముందుగా హ్యామర్‌ను ఎక్కించుకుంటే స్లైడ్ తేలికవుతుంది, ఆ స్ప్రింగు బరువు అప్పటికే తీరిపోయి ఉంటుంది.

తేలికపాటి ఆయుధం ఇస్తే సరిపోతుందన్న అభిప్రాయం బలంగా ఉంది. 2014లో కాన్పూర్‌లోని ప్రభుత్వ కర్మాగారం మహిళల కోసమంటూ ‘నిర్భీక్’ అనే .32 రివాల్వర్‌ను తెచ్చింది. బరువు సుమారు అరకిలో. సంచిలో మోయడానికి అది సుఖమే. కానీ అదే తూటాను తక్కువ బరువున్న ఆయుధం నుంచి పేలిస్తే చేతికి తగిలే తన్ను ఎక్కువ. బరువు తగ్గించడం వేరు, కొలతకు అమర్చడం వేరు. చిన్న చేతికి సరిగ్గా కుదిరిన నిండు బరువు పిస్టల్ తేలికదానికన్నా నిలకడగా పేలుతుంది.

ఈ అమరిక కళగా ఎదిగింది క్రీడా పిస్టళ్లలోనే. తెలుగు నేల మీద దీనికి పెద్ద ఉదాహరణ హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్. తొమ్మిదేళ్ల వయసులో పిస్టల్ పట్టి గచ్చిబౌలి రేంజ్‌లో సాధన చేసింది. 2018లో తిరువనంతపురంలో జరిగిన జాతీయ పోటీల్లో 13 ఏళ్ల వయసుకే 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ సీనియర్ విభాగంలో షూటర్ మను భాకర్‌ను దాటి విజేత అయింది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది, 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో ఆడింది. పదమూడేళ్ల పిల్లకూ, ఆరడుగుల మనిషికీ 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ ఆటలో నియమాలు ఒక్కటే. పిస్టల్‌ను ఒంటి చేత్తోనే ఎత్తాలి, గంటా పావులో 60 షాట్లు కొట్టాలి. పది పాయింట్ల వలయం అడ్డంగా 11.5 మిల్లీమీటర్లు మాత్రమే. ఒంటి చేత్తో కాబట్టి పిడి కుదరకపోతే సర్దుకోవడానికి రెండో చెయ్యి లేదు.

అందుకే మోరినీ, స్టెయర్, పార్డినీ, వాల్తర్ లాంటి కంపెనీలు చెక్క పిడులను వేర్వేరు సైజుల్లో చేస్తాయి. స్విట్జర్లాండ్‌లోని మోరినీ పేరు అసలు పిడుల తయారీతోనే పైకి వచ్చింది. ట్రిగ్గర్ కూడా చిన్న పట్టాల మీద ముందుకూ వెనక్కూ జరుగుతుంది. కాబట్టి చిన్న చేతికి ముందు చెయ్యాల్సింది పిడిని చెక్కడం కాదు. సరైన సైజు ఎంచుకుని, ట్రిగ్గర్‌ను వెనక్కి జరిపి, అరచేతి కింద ఆనే పలకను పైకి బిగించి చూడాలి. పలక మరీ బిగిస్తే రక్తం ఆడక చెయ్యి వణుకుతుంది, వదులైతే పిస్టల్ కిందికి జారుతుంది.

ఆపైనే చెక్కపని. అరచేతికి సుద్దపొడి రాసుకుని పిడి పట్టుకుని వదిలితే ఎక్కడ తగిలిందో, ఎక్కడ తగల్లేదో అచ్చు పడుతుంది. గట్టిగా ఒత్తుకునే చోట గరుకు కాగితంతో కొద్దికొద్దిగా అరగదీస్తారు. ఖాళీగా ఉన్న చోట చెక్క పుట్టీ పెట్టి, చేతికి పలచని ప్లాస్టిక్ చుట్టుకుని, గురి పెట్టినప్పుడు ఎలా పట్టుకుంటారో అలాగే పట్టుకుంటారు. పుట్టీ ఆరాక నునుపు చేస్తారు. మొదటి రోజే ఎక్కువ చెక్కేయడం పెద్ద ప్రమాదం. తీసిన చెక్క తిరిగి రాదు, పుట్టీ మాత్రం మళ్లీ పెట్టుకోవచ్చు. పని పూర్తయ్యాక చెక్కకు నూనె పట్టించాలి, లేకపోతే తీరపు తేమకు ఉబ్బి కొలతే మారిపోతుంది.

అమరికకు హద్దులు అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నియమాల్లో ఉన్నాయి. పిడి చేతిని దాటి ఎక్కడా ఆనకూడదు, మణికట్టు స్పష్టంగా బయటికి కనిపించాలి. ఎయిర్ పిస్టల్ బరువు 1,500 గ్రాములు మించకూడదు, ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువు మోయాలి. మహిళల 25 మీటర్ల పిస్టల్‌కు ఇవి వరసగా 1,400, 1,000 గ్రాములు. ఆ 1,000 గ్రాముల ట్రిగ్గర్ దగ్గరే చిన్న వేళ్ల అమరిక అసలు పరీక్షకు నిలబడుతుంది. మన దేశ చట్టం ప్రకారం .177 బోరు, 20 జౌళ్లకు మించని ఎయిర్ పిస్టల్‌కు లైసెన్స్ అక్కర్లేదు. .22 పిస్టల్‌కు లైసెన్స్ తప్పనిసరి. 9 ఎం.ఎం. మామూలు పౌరులకు నిషిద్ధ బోరు.

అమరిక కుదిరిందో లేదో ఇలా చూస్తారు. ఖాళీ పిస్టల్‌ను సురక్షితమైన దిక్కుకు తిప్పి పట్టుకుని, కళ్లు మూసుకుని, చెయ్యి మామూలుగా ఎత్తి, కళ్లు తెరిచి గురి కుదుర్చుకునే సైట్లు చూస్తారు. ముందు సైటు వెనుక గాడి మధ్యలో నిలవకుండా ప్రతిసారీ ఒకే పక్కకు జరిగి ఉంటే మణికట్టుతో సర్దుకోకూడదు, పిడిని సర్దాలి. తర్వాత ఖాళీగానే ట్రిగ్గర్ నొక్కి ముందు సైటు కదులుతోందేమో గమనిస్తారు. ఎదిగే పిల్లల చేతులు మారుతూ ఉంటాయి కనుక కొన్ని నెలలకోసారి ఈ పరీక్ష మళ్లీ చెయ్యాలి, అవసరమైతే పుట్టీ గీకేసి పెద్ద సైజు పిడికి మారాలి.