వార్తల్లో పదం: లింక్డ్ డేటా

జంషెడ్‌పూర్ వెళ్లాలంటే టాటానగర్‌లో రైలు దిగాలి. అక్కడ ఉండే తెలుగువాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు, కంప్యూటర్‌కు చెప్పాలి. పైగా 1919లో సాక్చి జంషెడ్‌పూర్ అయింది, కాలీమాటి స్టేషన్ టాటానగర్ అయింది. పాత కాగితంలోని సాక్చి, నేటి మ్యాప్‌లోని ఊరు ఒకటేనని యంత్రానికి ఎలా తెలుస్తుంది?

ప్రతిదానికీ వెబ్‌లో ఓ చిరునామా ఇచ్చి, విషయాన్ని మూడు ముక్కల్లో చెబితే తెలుస్తుంది. 'టాటా స్టీల్ – స్థాపన – 1907'. 'జంషెడ్‌పూర్ – పక్క నది – సువర్ణరేఖ'. ఇలా ముడిపడిన సమాచారమే లింక్డ్ డేటా. దీని నియమాలను 2006లో వెబ్ సృష్టికర్త టిమ్ బెర్నర్స్-లీ రాశారు. వికీడేటా నడిచేది ఈ పద్ధతిలోనే.

ముడులు వేలల్లోకి వెళ్లాక తెరమీద చూస్తే చిక్కుపడ్డ నూలులా ఉంటుంది! అందుకే వర్చువల్ రియాలిటీ. కళ్లద్దాల పెట్టె తగిలించుకుంటే ఊరు ఒక బంతి, నది ఇంకో బంతి, మధ్యలో తీగ. తల పక్కకు వంచితే ముందున్న తీగ జరిగి వెనకది బయటపడుతుంది. ఇలా లోతు, కదలిక రెండూ ఉంటే చదునైన బొమ్మకన్నా సుమారు మూడు రెట్లు పెద్ద వలలో దారి పట్టుకోగలమని 1996లో పరిశోధకులు కోలిన్ వేర్, గ్లెన్ ఫ్రాంక్ చేసిన ప్రయోగంలో తేలింది.

అయితే బంతుల మీది అక్షరాలు చదవడం కష్టం, కాసేపటికి కొందరికి తల తిరుగుతుంది. సువర్ణరేఖలో ఖర్కాయి నది ఎక్కడ కలుస్తుందో తెలుసుకోవడానికైతే ఇదంతా దండగ. అవి కలిసే దోముహానీకి ఆటో ఎక్కితే చాలు.