చినుకుకు ఒక పాత్ర, ధూళికి ఒక పాత్ర

నేలకు పోషకాలు రైతు వేసే ఎరువు నుంచే కాక ఆకాశం నుంచి కూడా అందుతాయి. వానలో కరిగి దిగే నత్రజని, గంధకం, కాల్షియం వంటివాటినీ, పొడిగా రాలే ధూళినీ కలిపి శాస్త్రజ్ఞులు వాతావరణ నిక్షేపం అంటారు. దానిని కొలిచే పరికరమే వాన సేకరణి.

1853లో ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ క్షేత్రంలో జాన్ లాస్, హెన్రీ గిల్బర్ట్ ఎకరంలో వెయ్యో వంతు, అంటే సుమారు 4 చదరపు మీటర్ల వైశాల్యం గల వానమానిని నిర్మించి, అందులో చేరిన నీటిని రసాయన పరీక్ష చేయించారు. లీటరు నీటిలో 1 మిల్లీగ్రాము నత్రజని ఉంటే, 100 మిల్లీమీటర్ల వాన హెక్టారుకు 1 కిలో నత్రజనిని దించినట్లు లెక్క.

అయితే ఎప్పుడూ తెరిచి ఉండే పాత్రలో వానతో పాటు దుమ్ము, పక్షి రెట్టలు కూడా పడతాయి కనుక రెండు పాత్రలకు ఒకే మూత గల యంత్రం వాడుకలోకి వచ్చింది. 1978లో అమెరికాలో మొదలైన జాతీయ నిక్షేప పరిశీలన కార్యక్రమంలో ఇటువంటిదే వాడారు. చినుకు పడగానే, తడిని గుర్తించే స్పర్శకంలో విద్యుత్ వలయం పూర్తయి, మూత వాన పాత్రను వదిలి ధూళి పాత్రను కప్పుతుంది. వాన ఆగి, వెచ్చని స్పర్శకం ఆరగానే మూత తిరిగి వాన పాత్ర మీదికి వస్తుంది.

కర్నూలు, కడప సీమకు ఈ రెండో పాత్ర మరీ ముఖ్యం. వానకూ వానకూ మధ్య ఎడం ఎక్కువైన ఈ నేలల్లో, ముఖ్యంగా బేతంచెర్ల, బనగానపల్లె వంటి నాపరాతి ప్రాంతాల్లో, గాలిలోకి లేచే సున్నపు ధూళి వాన ఆమ్లతను తటస్థం చేయగలదు. అందువల్ల ఆమ్లత తక్కువగా కనబడినంత మాత్రాన గాలి శుభ్రంగా ఉందని చెప్పరాదు. గాలిని కడుగుతూ దిగే తొలకరి చినుకుల్లో లవణాలు చిక్కగా ఉంటాయి కనుక, ప్రతి వానకూ దాని పరిమాణాన్ని బట్టి ప్రాధాన్యం ఇచ్చి సగటు కట్టాలి. భారత వాతావరణ శాఖ వాన రసాయనాన్ని పరిశీలించే కేంద్రాల్లో ఒకటి విశాఖపట్నంలో ఉన్నా, సముద్రపు ఉప్పు కలిసే తీరపు వాన సీమ వానకు కొలత కాజాలదు. నల్లమల అడవిలో ఆకుల మీది ధూళిని కడిగి దిగే నీరు, రోళ్లపాడు గడ్డిభూమి మీద పడే నీరు, వేరుశనగ చేనులో పడే నీరు వేర్వేరు కాబట్టి మూడు చోట్లా కొలవాలి. కరెంటు లేని చోట, అయాన్లను పట్టి ఉంచే రెజిన్ గొట్టం గుండా వాన నీటిని పారించి, నెలల తరువాత ప్రయోగశాలలో వాటిని విడదీయవచ్చు.

ఈ లెక్క తేలితేనే వర్షాధార రైతుకు ఆకాశం ఇచ్చేది ఎంతో తెలుస్తుంది. ధూళి పాత్రలో చేరినదంతా లాభమూ కాదు. ఒక చేనుకు దక్కిన మట్టి, పక్క చేను పోగొట్టుకున్న మట్టే కావచ్చు.