ఫోను పెట్టేసినా ఆగని పని

పిల్లలూ! ఆదోని పత్తి బజారుకు, ఎమ్మిగనూరు మగ్గాలకు ఎంత పేరున్నదో కర్నూలు జిల్లావారికి వేరే చెప్పనక్కర లేదు. మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరులో చేనేతవారి కోసం 1938లోనే సహకార సంఘం నెలకొల్పారు. ఈ రెండు ఊళ్ళ పేర్లూ గుర్తు పెట్టుకోండి. ఇప్పుడు చెప్పబోయే కంప్యూటరు సంగతి వీటి సాయంతో తేలిగ్గా బోధపడుతుంది.

ఆదోనిలో కాలేజీలో చదివే అక్కయ్య ఒకతె ఉన్నదనుకుందాం. పత్తికాయను తొలిచే గులాబి రంగు పురుగును ఫోటో చూసి పోల్చటం కంప్యూటరుకు నేర్పాలని ఆమె పట్టుదల. వేలకొద్దీ ఫోటోలు పోగుచేసింది. అంత లెక్క ఇంట్లో ఉన్న చిన్న కంప్యూటరు వల్ల అయేది కాదు. అందుకని హైదరాబాదులో ఉన్న ఒక పెద్ద కంప్యూటరుకు ఆ పని అప్పగించింది. ఇట్లా ఎక్కడో ఉండి పదిమందికీ పనిచేసిపెట్టే కంప్యూటరును సర్వరు అంటారు. ఇంట్లో మీటలు నొక్కితే చాలు, ఆజ్ఞ ఇంటర్నెట్టు మీదుగా సర్వరుకు చేరుతుంది.

ఆ పనికి 10 గంటలు పడుతుంది. అక్కయ్య రాత్రి 8 గంటలకు ఆజ్ఞ ఇచ్చి పడుకున్నది. 2 గంటలకు ఆదోనిలో కరెంటు పోయింది. ఇంటర్నెట్టు తెగిపోయింది. తెల్లవారి చూసేసరికి సర్వరులో పని ఆగిపోయి ఉన్నది! ఆరు గంటల పనీ వృథా అయింది.

హైదరాబాదులో కరెంటు పోలేదు. సర్వరు చెడిపోలేదు. మరి పని ఎందుకు ఆగినట్టు?

ఆదోని నుంచి ఒక షావుకారు ఎమ్మిగనూరులోని మగ్గాల షెడ్డుకు ఫోను చేసి, పనివాడికి పని పురమాయించాడనుకోండి. పనివాడు ఫోను చెవి దగ్గర పెట్టుకునే నేస్తున్నాడు. ఇంతలో ఫోను తెగింది. "యజమాని వెళ్ళిపోయాడు, ఇక ఈ పని ఎవరికోసం?" అని వాడు నాడె కింద పెట్టి లేచిపోయాడు. సర్వరు చేసిందీ సరిగ్గా ఇదే.

దీని వెనక చిన్న చరిత్ర ఉన్నది. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థామ్సన్, డెనిస్ రిచీ మొదలైనవారు 1969లో యునిక్స్ అనే కంప్యూటరు వ్యవస్థను ప్రారంభించారు. ఆ రోజుల్లో దూరాన ఉన్నవారు టెలిఫోను తీగ మీదుగానే కంప్యూటరును వాడుకునేవారు. ఫోను పెట్టేస్తే, కంప్యూటరు ఆ మనిషి మొదలుపెట్టిన పనులకు "హ్యాంగప్", అంటే ఫోను పెట్టేశారు, అనే కబురు పంపేది. ఆ కబురు అందిన పని ఆగిపోతుంది. ఇది పొరపాటు కాదు. అడిగేవారు లేని పనులు కంప్యూటరులో పేరుకుపోకుండా చేసిన ఏర్పాటు. టెలిఫోను తీగ పోయి ఇంటర్నెట్టు వచ్చినా, ఆ కబురు పేరు మాత్రం మారలేదు.

మరి అక్కయ్య ఏం చేయాలి? ఉపాయాలు రెండున్నాయి.

మొదటిది "నోహప్". "ఫోను పెట్టేసినా పట్టించుకోకు" అని దీని అర్థం. ఆజ్ఞకు ముందు ఈ మాట చేర్చితే హ్యాంగప్ కబురు వచ్చినా పని ఆగదు. మామూలుగా తెర మీద చూపే మాటలన్నిటినీ "నోహప్ డాట్ ఔట్" అనే ఫైలులో రాసిపెడుతుంది. మర్నాడు వచ్చి చదువుకోవచ్చు.

రెండవది ఇంకా సుఖమైనది. షావుకారు పనివాడితో నేరుగా మాట్లాడకుండా, షెడ్డులోనే ఒక గుమాస్తాను నియమించాడనుకోండి. ఫోను తెగితే గుమాస్తాకు తెగుతుంది గాని, పనివాడికి ఆ సంగతే తెలియదు. గుమాస్తా పక్కనే ఉన్నాడు గదా! షావుకారు మళ్ళీ ఫోను చేసి, "ఎంతవరకు వచ్చింది?" అని అడగవచ్చు. ఇటువంటి గుమాస్తాయే "స్క్రీన్". ఇది 1987లో వచ్చింది. 2007లో "టీమక్స్" వచ్చింది. టీమక్స్‌లో కంట్రోల్, బి మీటలు కలిపి నొక్కి వదిలి, డి నొక్కితే మీరు బయటికి వస్తారు. పని లోపల సాగుతూనే ఉంటుంది. తిరిగి వచ్చి "టీమక్స్ అటాచ్" అంటే, వదిలిన తెర మళ్ళీ కళ్ళముందు ఉంటుంది.

అయితే ఒక్క హెచ్చరిక. సర్వరుకే కరెంటు పోతే గుమాస్తా, పనివాడూ ఇద్దరూ పోతారు! దానికి మందు ఎమ్మిగనూరు మగ్గం దగ్గరే ఉన్నది. నేతగాడు మధ్యలో లేచిపోయినా, అంతవరకు నేసిన గుడ్డ మగ్గం మీద అట్లాగే ఉంటుంది. పడుగు, పేక విడిపోవు. వచ్చి, వదిలిన చోటి నుంచే నేస్తాడు. పెద్ద పని కూడా గంటకొకసారి చేసినంతవరకు ఫైలులో భద్రం చేసుకుంటూ పోవాలి.

అక్కయ్య ఈసారి అట్లాగే చేసింది. టీమక్స్ లోపల పని మొదలుపెట్టి, గంటగంటకూ భద్రం చేసే ఏర్పాటు చేసి పడుకున్నది. రాత్రి మళ్ళీ కరెంటు పోయింది. ఆమె లేవనుకూడా లేదు. తెల్లవారి "టీమక్స్ అటాచ్" అని చూస్తే, హైదరాబాదులో పని పూర్తయి, ఆమె కోసం సిద్ధంగా ఉన్నది!