ఒకరి కయాక్, ఇద్దరి కయాక్

ఆస్కర్ స్పెక్ అనే జర్మన్ యువకుడు 1932లో డాన్యూబ్ ఒడ్డున ఉన్న ఉల్మ్ పట్టణంలో కయాక్ ఎక్కి, 1939లో ఆస్ట్రేలియా చేరాడు. దారిలో మద్రాసు నుంచి కలకత్తా దాకా మన తీరం వెంబడే సాగాడు. అతని మడత కయాక్ ఇద్దరి కోసం తయారైనది, కూర్చున్నది ఒక్కడే. 1987లో కాలిఫోర్నియా నుంచి హవాయికి రెండు నెలలకు పైగా ప్రయాణించిన ఎడ్ గిలెట్ కూడా ఇద్దరి కయాక్‌లో ఒంటరిగానే వెళ్ళాడు. సముద్రయాత్రకు సింగిల్ మేలా, డబుల్ మేలా అన్న చర్చ తరచు వేగంతో మొదలవుతుంది. వీళ్ళిద్దరికీ కావలసింది చోటు.

అయినా వేగం లెక్క చూడదగినదే. గంటకు ఐదారు కిలోమీటర్ల యాత్రావేగంలో కయాక్‌ను ప్రధానంగా నిలవరించేది నీటి ఘర్షణ. అది తడిసే వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. ఆకారం అదే ఉండి బరువు రెట్టింపైతే ఆ వైశాల్యం 1.6 రెట్లే అవుతుంది. తెడ్ల శక్తి మాత్రం రెండింతలు. కావలసిన శక్తి వేగపు ఘనాన్ని అనుసరించి పెరుగుతుంది కనుక చివరికి దక్కే లాభం సుమారు ఎనిమిది శాతం. గంటకు 6 కిలోమీటర్లు వెళ్ళగల ఇద్దరు సమఉజ్జీలు డబుల్‌లో 6.5 వెళతారు. ఆరు గంటల శ్రమకు మూడు కిలోమీటర్లు! అందుకోసం నలభై కిలోల పడవను ఇసుకలో మోయడం నాకు గిట్టుబాటు బేరంగా తోచదు.

సామాను సంగతీ అంతే. రెండు కూర్చునే గుంటలు పడవ నడుమ భాగాన్ని మింగేస్తాయి; రెండు సింగిళ్ళలో పట్టేది ఒక డబుల్‌లో పట్టదు. స్పెక్, గిలెట్‌లకు కలిసివచ్చింది ఖాళీగా ఉన్న రెండో చోటే.

డబుల్ నిజంగా అక్కరకొచ్చేది ఇద్దరి బలం సమానంగా లేనప్పుడు. వేర్వేరు పడవల్లో ఎదురుగాలికి బలహీనుడు వెనకబడతాడు, అలల మధ్య కనుమరుగవుతాడు. ఒకే పడవలో ఆ బెడద లేదు. ఒకరు అలసితే రెండోవారు లాగుతారు. కాకపోతే తెడ్ల లయ కుదరాలి; ముందువారి లయను వెనకవారు అందుకోవాలి, చుక్కాని సాధారణంగా వెనకవారి కాళ్ళ కింద ఉంటుంది. భార్యాభర్తలు ఎక్కే డబుల్‌ను పాశ్చాత్య కయాకర్లు ‘విడాకుల పడవ’ అని ఆటపట్టిస్తారు.

కానీ బోల్తా పడిన క్షణాన లెక్క తిరగబడుతుంది. రెండు సింగిళ్ళుంటే ఒకరు నీళ్ళలో పడినా రెండోవారు పక్కకు చేరి, పడవలో నీరు ఒంపి, పట్టుకుని ఎక్కిస్తారు. డబుల్ తిరగబడితే ఇద్దరూ ఒకేసారి నీళ్ళలో ఉంటారు, పైనుంచి చెయ్యందించేవారుండరు. తోడుగా మరో పడవ లేని డబుల్, ఇద్దరిని మోస్తున్నా, సముద్రంలో ఒంటరిదే.

అలాస్కా చెంత అల్యూషియన్ దీవుల వేటగాళ్ళు రెండు గుంటల తోలు కయాక్‌ను వాడింది పని పంచుకోవడానికి: ముందువాడు సముద్రపు నీటికుక్క మీద బల్లెం విసురుతాడు, వెనకవాడు తెడ్డుతో పడవను నిలకడగా ఉంచుతాడు. రష్యన్లు వచ్చాక మూడో గుంట వెలిసింది. అందులో తెడ్డు వేయని దొర కూర్చునేవాడు.