పేర్లు కలిపే యంత్రం

శామీర్‌పేట, షామీర్‌పేట, షామీర్‌పేట్. మూడూ ఒకే ఊరు. ఇంగ్లిషులో రాసేవాళ్లు ఒకరు ‘ఐ’ పెడతారు, ఇంకొకరు రెండు ‘ఇ’లు పెడతారు. ఆ ఊరి మీదుగా రాజీవ్ రహదారిలో వెళ్లే మనిషికి దీనితో పేచీ లేదు. కంప్యూటర్‌కు మాత్రం ఇవి వేర్వేరు ఊళ్లే. అది పోల్చేది అక్షరాలకు కేటాయించిన సంఖ్యలను; పలుకు దానికి వినపడదు. ఊరి భూముల లెక్క రాసే పాత పహాణీలో ఒక రూపం, కొత్త డేటాబేసులో మరొకటి ఉంటే ఒకే భూమికి చెందిన రెండు కాగితాలు ఒకచోటికి చేరవు. ఈ చిక్కు విప్పడానికి మనిషి కనిపెట్టిన ఉపాయానికి నూరేళ్లు దాటాయి. ఆ చరిత్ర చూస్తే నాకు ఒక్కటి స్పష్టమవుతోంది: ఏ భాష పేర్లను కలపాలో ఆ భాష ధ్వనులను ముందుగా నేర్పకపోతే యంత్రం తప్పుడు జంటలనే కలుపుతుంది.

ఆ ఉపాయం పేరు సౌండెక్స్. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌కు చెందిన రాబర్ట్ రసెల్ 1918లో దీనికి పేటెంటు పొందాడు. మార్గరెట్ ఓడెల్ పేరు కూడా దీనితో ముడిపడి ఉంది. అప్పటికి కంప్యూటర్ లేదు, కార్డుల బీరువాలే. తర్వాత స్థిరపడిన రూపం ప్రకారం పేరులో మొదటి అక్షరాన్ని ఉంచాలి, అచ్చులనూ హెచ్, డబ్ల్యు, వైలనూ తీసేయాలి, మిగిలిన హల్లులను గుంపులుగా చేసి మూడు అంకెలకు కుదించాలి. బి, ఎఫ్, పి, వి నాలుగింటికీ ఒకే అంకె. మన ఊళ్ల మీద దీన్ని ప్రయోగిస్తే మొదట ముచ్చటేస్తుంది. శామీర్‌పేటను ఇంగ్లిషులో రెండు రకాలుగా రాసినా ఎస్-561 వస్తుంది. తుర్కపల్లిని ‘టి’తో రాసినా ‘టిహెచ్’తో రాసినా టి-621. కానీ కుత్బుల్లాపూర్ దగ్గర పద్ధతి కూలిపోతుంది. ‘క్యూ’తో రాస్తే క్యూ-314, ‘కె’తో రాస్తే కె-314, మొదటి అక్షరం మారింది కాబట్టి రెండూ ఎప్పటికీ కలవవు.   పైగా మూడంకెలతో ఆగిపోవడం వల్ల శామీర్‌పూర్ అనే ఊరుంటే దానికీ ఎస్-561 వస్తుంది. పేటకూ పూర్‌కూ తేడా పోతుంది.

తర్వాతి మెట్టు తేడాలను లెక్కపెట్టడం. టైపు చేసిన మాటల్లో దొర్లే తప్పుల్లో దాదాపు 80 శాతం ఒక్క అక్షరం తప్పో పక్కపక్క అక్షరాల తారుమారో మాత్రమేనని ఫ్రెడరిక్ డామెరౌ 1964లో చూపించాడు. ఒక మాటను మరొకటిగా మార్చడానికి ఎన్ని అక్షరాలు చేర్చాలి, తీయాలి, మార్చాలి అన్న కొలతను సోవియట్ గణితవేత్త వ్లదీమిర్ లెవెన్‌స్టైన్ 1965లో ఇచ్చాడు. చక్కని కొలతే. అయితే కృష్ణాపూర్ నుంచి కిష్టాపూర్‌కు రెండు మార్పులు, లక్ష్మాపూర్ నుంచి లక్ష్మీపూర్‌కు ఒక్కటే. కృష్ణ తెలంగాణ నోట కిష్ట అవుతాడని మనకు తెలుసు, లక్ష్మాపూర్, లక్ష్మీపూర్ వేర్వేరు ఊళ్లు కావచ్చుననీ తెలుసు. కొలత తీర్పు అందుకు తలకిందులు. డామెరౌ చూసినవి చేతి పొరపాట్లు. మన ముందున్నవి పొరపాట్లు కావు, పలుకుబడులు. దీనికి తోడు తెలుగు టైపింగులో కంటికి కనబడని చిక్కొకటి ఉంది. శామీర్‌పేటలో పొల్లు ‘ర్’ కింద ‘ప’ ఒత్తుగా దిగకుండా ఆపేందుకు యూనికోడ్‌లో ఒక అదృశ్య సంకేతం వాడతాం. ఒకరు దాన్ని వాడి, మరొకరు వదిలేస్తే అదీ ఒక తేడాగా లెక్కకొస్తుంది.

మనకు కావలసింది తేడాలన్నిటికీ ఒకే ధర కట్టని పద్ధతి. శ, ష, సల మధ్య మార్పు చవక కావాలి. ఒత్తక్షరానికీ మామూలు అక్షరానికీ, పేటకూ పేట్‌కూ మధ్య మార్పు కూడా అంతే. భారతీయ లిపుల వర్ణమాలలు ఒకే వరసలో ఉండటం మనకున్న అదృష్టం. ‘శిల్ప’ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు ఆ ఆధారంతోనే భారతీయ భాషల సౌండెక్స్‌ను తయారుచేసింది. ఇంకో అడుగు వేయాలంటాను: పేరు ఏ లిపి గుండా వచ్చిందో కూడా యంత్రానికి చెప్పాలి. నిజాం కాలపు భూమి రికార్డు సేత్వార్ ఉర్దూలో ఉంటుంది, ఉర్దూ రాతలో హ్రస్వ అచ్చులు సాధారణంగా కనిపించవు. అక్కడి నుంచి వచ్చిన పేరులో అచ్చు తేడాను పట్టించుకోనక్కర్లేదు. తెలుగులోనే పుట్టిన కాగితంలో అదే తేడా రెండు ఊళ్లను వేరు చేయవచ్చు.

ప్రతి గ్రామానికీ కోడ్, ప్రతి కమతానికీ సర్వే నంబరు ఉండగా పేర్లతో పనేమిటని అడగవచ్చు. గ్రామ కోడ్‌లు నిన్నమొన్నటివి. సర్వే నంబరు పాతదే అయినా ప్రతి ఊళ్లోనూ ఒకటి నుంచే మొదలవుతుంది, కాబట్టి ముందు ఊరేదో తేలాలి. పోనీ ప్రభుత్వం ఒక్క రూపాన్ని ఖాయం చేస్తే? రేపటి కాగితాలకు మంచిదే. 1954-55 ఖాస్రా పహాణీని ఎవరూ తిరిగి రాయలేరు. ఇప్పటి పెద్ద భాషా నమూనాలు ఇవన్నీ వాటంతటవే నేర్చుకుంటాయన్న వాదన వీటికంటే బలమైనది. నేర్చుకోగలవు, కానీ రెండు పేర్లను ఎందుకు కలిపాయో తహసీల్దారుకు నమ్మకంగా చెప్పలేవు. ఒకే ఊళ్లో నర్సింహ, నరసింహ ఒకే మనిషి కావచ్చు, తాతా మనవడూ కావచ్చు. విడిగా వదిలేసిన పేర్లను మళ్లీ వెతికి కలపవచ్చు. ఇద్దరి భూమి ఒక్కరి పేరున చేరితే విడదీయడానికి కోర్టు మెట్లెక్కాలి. అందువల్ల యంత్రం జంటలను సూచించాలి, ఏ నియమం ప్రకారం సూచించిందో పక్కనే రాయాలి, కాగితంలోని అసలు రాతను చెరపకూడదు. కలపాలా వద్దా అన్నది ఆ ఊరి ఇంటిపేర్లు, సరిహద్దులు తెలిసిన మనిషి చూసి తేల్చాలి.