మీకు తెలుసా? సఫారీకి అదను ఎండాకాలం
‘సఫారీ’ మనకు కొత్త మాటేమీ కాదు. స్వాహిలీలో దానికి ప్రయాణమని అర్థం. మూలం అరబ్బీ ‘సఫర్’. ఉర్దూ కలిసిన మన తెలంగాణ మాటల్లోనూ అది ఉంది.

జూన్ నుంచి అక్టోబరు దాకా తూర్పు ఆఫ్రికాలో వానలు తక్కువ. కుంటలు ఎండి, గడ్డి పలచబడి, జంతువులు మిగిలిన నీళ్ల దగ్గరికే చేరతాయి. అందుకే ఆ నెలల్లో అక్కడ సఫారీలకు గిరాకీ. సెరెంగెటీలో వైల్డెబీస్ట్ దూడలను చూడాలంటే మాత్రం ఫిబ్రవరిలో వెళ్లాలి.

ఎండల్లో జంతువులు నీళ్ల దగ్గరికి చేరే ఈ లెక్క తెలంగాణలోని బీర్కూర్ వాళ్లకు దగ్గర్లోనే కనిపిస్తుంది. మంజీర ఉపనది ఆలేరుపై 1922లో పూర్తయిన పోచారం చెరువు, దాన్ని ఆనుకుని ఒకప్పటి నిజాం వేట అడవి. 1952 నుంచి అది అభయారణ్యం. చుక్కల దుప్పులు, కణుజులు, నీల్‌గాయిలు చూడాలంటే మార్చి నుంచి మే దాకా, తెల్లవారుజామున వెళ్లండి. తలపై నల్లచారలుండే వలస బాతుల కోసమైతే చలికాలం. నన్నడిగితే పిల్లలను ముందు చలికాలంలోనే తీసుకెళ్లాలి. హిమాలయాలు దాటి వచ్చిన పక్షిని మన చెరువులో చూడటం ఎంత అపురూపం!

పెద్దపులి అడవులైన అమ్రాబాద్, కవ్వాల్‌కు వెళ్లాలనుకుంటే వానాకాలం వద్దు, సఫారీలు ఆపేస్తారు.