ప్రసారమునకు ముందు, పిమ్మట

1975 ఆగస్టు 1 మొదలు ఒక సంవత్సరకాలము, అమెరికా వారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు టెలివిజన్ కార్యక్రమములు అందినవి. ఆంధ్రప్రదేశ్ వానిలో నొకటి. ఉదయపు ప్రసారము బడిపిల్లలది. భాషకు 22½ నిమిషములు.

ఉపాధ్యాయునకు ఇచట నొక చిక్కు కలదు. నల్లబల్ల ఆతని కొరకు ఆగును. ప్రసారము ఆగదు, పిల్లవాని సందేహమును వినదు. కావున ఆతడు తన పాఠమును ప్రసారమునకు ముందు వెనుకలనే కూర్చుకొనవలెను. లేనిచో ఆతడు మీట నొక్కువాడు మాత్రమే. ఆ పని ఏ పిల్లవాడైనను చేయగలడు!

విత్తనము మొలకెత్తుటను గూర్చిన పాఠ మనుకొందము. మూడునాళ్లు ముందుగా తడిగుడ్డలో సెనగలు మూటగట్టించినచో, తెరమీది మొలకను పిల్లలు తమ చేతిలోని దానితో పోల్చుకొందురు. ప్రసారము ముగిసిన పిమ్మట, మొలవని గింజ నొకదానిని చూపి, "ఇది యేల మొలవలేదు?" అని అడుగుటకు పది నిమిషములు మిగుల్చుకొనవలెను.